ఏడవకముందే పాలు: బిడ్డ ఆకలిని గుర్తుపట్టి, అడిగినప్పుడల్లా పాలివ్వడం ఎలా?

"అడగందే అమ్మైనా పెట్టదు" అంటాం. పసిబిడ్డ మాత్రం అడుగుతూనే ఉంటుంది. ఏడుపు మొదలవడానికి ముందే తల తిప్పుతూ, నాలుక బయటపెడుతూ, పిడికిలి నోటి దగ్గరికి తెచ్చుకుంటూ అడుగుతుంది. మనకు వినపడేది మాత్రం ఏడ్చాకే.

"రెండు గంటలకోసారి ఇవ్వాలా, మూడు గంటలకోసారా?" అని బాలింతలూ, వాళ్ల అమ్మలూ, కొత్తగా తండ్రులైనవాళ్లూ మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. జవాబు చిన్నదే: గడియారాన్ని కాదు, బిడ్డను చూడండి. అయితే బిడ్డలో ఏం చూడాలి, చూశాక ఏ వరుసలో ఏం చేయాలి, గడియారం చూడక తప్పని సందర్భాలేవి అన్నది తెలియాలి కదా. అదంతా ఇక్కడ ఉంది.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది నెలలు నిండి పుట్టి, ఆరోగ్యంగా ఉన్న బిడ్డల గురించి. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, బరువు బాగా తక్కువున్నవాళ్లు ఆకలేసినా ఆ సంగతి సరిగ్గా చూపించలేరు. తల్లికి షుగర్ ఉంటే పుట్టిన బిడ్డకు మొదటి రోజుల్లో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంటుంది. ఇలాంటి బిడ్డలకు డాక్టర్ చెప్పిన టైం ప్రకారమే పాలు పట్టాలి.

1. కాన్పుకు ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

అడిగినప్పుడల్లా పాలివ్వడమంటే రోజులో ఎనిమిది నుంచి పన్నెండు సార్లు కూర్చోవడం. తల్లి ఒక్కతే నెగ్గుకొచ్చే పని కాదు. అందుకే సామాన్లు సిద్ధం చేసుకోవడం కన్నా ఇంట్లోవాళ్లను సిద్ధం చేసుకోవడం ముఖ్యం.

- వీపుకు ఆనుకునేందుకు గోడ గానీ కుర్చీ గానీ ఉన్న చోటు. మోచేతి కింద పెట్టుకోవడానికి ఒకటి రెండు దిండ్లు.
- ముందువైపు తెరుచుకునే నైటీలు, జాకెట్లు.
- చేతికి అందేంత దూరంలో మంచినీళ్ల సీసా, తినడానికి ఏదైనా.
- మెత్తటి పాత నూలు గుడ్డలు, లంగోటీలు. పాలు కక్కినప్పుడు, కారినప్పుడు పనికొస్తాయి.
- చిన్న నోటుబుక్, పెన్ను. మొదటి రెండు వారాలు ఉచ్చ, విరేచనం ఎన్నిసార్లో రాసుకోవడానికి.
- చూడ్డానికి వచ్చినవాళ్లతో ముందుగది లోనే మాట్లాడి పంపే మనిషి ఒకరు. ఈ పని భర్త చేస్తే బాగుంటుంది. పదిమంది కూర్చున్న గదిలో సిగ్గుపడి పాలివ్వడం వాయిదా వేసే బాలింతలు చాలామంది ఉన్నారు.

డాక్టర్‌ను ముందే అడగాల్సినవి మూడు: పుట్టిన గంటలోపు రొమ్ము పట్టిస్తారా? బిడ్డను తల్లి పక్కనే ఉంచుతారా? మమ్మల్ని అడగకుండా పాలడబ్బా పాలు పట్టకుండా ఉంటారా? సిజేరియన్ అయినా సరే, ఇద్దరి పరిస్థితీ బాగుంటే నర్సు సాయంతో పాలివ్వచ్చు. నడుముకు మత్తు ఇంజక్షన్ ఇచ్చారన్న ఒక్క కారణంతో ఆగాల్సిన పని లేదు.

2. మొదటి మూడు రోజులు

పుట్టిన గంటలోపు బిడ్డను తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్లు తగిలేలా బోర్లా పడుకోబెట్టాలి. మొహం కనపడాలి, ముక్కుకు ఏదీ అడ్డు ఉండకూడదు. చాలామంది పిల్లలు ఆ సమయంలో బాగా మెలకువగా ఉండి, రొమ్మును వాళ్లే వెతుక్కుంటారు. ఆ తర్వాత చాలాసేపు మగతగా పడుకుంటారు.

ఈ రోజుల్లో వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుపచ్చగా, చెంచాల్లో కొలిచేంత మాత్రమే ఉంటాయి. బిడ్డ పొట్ట కూడా అంతే. "పాలు పడలేదు" అన్న మాట ఇంట్లో ఎక్కువగా వినిపించేది ఈ మూడు రోజుల్లోనే. నిజానికి చాలామందికి పాలు ధారాళంగా దిగేది రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల. అప్పటిదాకా ముర్రుపాలు చాలు, బిడ్డ మాత్రం మాటిమాటికీ చీకుతూ ఉండాలి.

తేనె నాకించడం, పంచదార నీళ్లు, ఆముదం, గాడిద పాలు ఏవీ వద్దు. తేనెతో ఏడాది లోపు పిల్లలకు బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. మిగతావాటితో కడుపు నిండి, బిడ్డ రొమ్ము అడగడం తగ్గిస్తుంది. అడగడం తగ్గితే పాలు ఊరడమూ తగ్గుతుంది.

3. ఆకలిని మూడు మెట్లలో గుర్తుపట్టడం

మొదటి మెట్టు దగ్గరే పట్టుకోగలిగితే మిగతా పనంతా తేలిక. కానీ పక్క గదిలో ఉంటే మొదటి మెట్టు ఎవరికీ కనపడదు. అందుకే మొదటి నెలల్లో బిడ్డ తల్లి ఉన్న గదిలోనే ఉండాలి, రాత్రి కూడా.

మొదటి మెట్టు, "ఆకలవుతోంది":
- నిద్రలోనే కదులుతుంది, మూసిన రెప్పల కింద కనుగుడ్లు కదులుతుంటాయి.
- పెదవులు చప్పరిస్తుంది, లొట్టలు వేస్తుంది, నాలుక బయటికి తెస్తుంది.
- నోరు తెరిచి మూస్తుంది.
- తల అటూ ఇటూ తిప్పుతూ వెతుకుతుంది.

రెండో మెట్టు, "బాగా ఆకలేస్తోంది":
- పిడికిలి నోట్లో పెట్టుకుని చీకుతుంది.
- ఒళ్లు విరుచుకుంటుంది, కాళ్లూ చేతులూ ఆడిస్తుంది.
- ఎత్తుకున్నవాళ్ల గుండెలోకి మొహం దూరుస్తుంది. నాన్న ఎత్తుకున్నా అంతే.
- ఉండీ ఉండీ "ఊఁ... ఊఁ" అని సణుగుతుంది.

మూడో మెట్టు, "ఇక ఆగలేను":
- గుక్కపెట్టి ఏడుస్తుంది.
- మొహం కందగడ్డలా ఎర్రబడుతుంది.
- ఒళ్లు బిగబట్టి వెనక్కి విరుచుకుంటుంది. రొమ్ము అందించినా పట్టుకోదు.

ఈ మూడో మెట్టు చూసి "పాలు వద్దంటోంది", "నీ పాలు పడట్లేదు", "దిష్టి తగిలింది" అని రకరకాలుగా అనుకుంటారు. ఎక్కువసార్లు జరిగింది ఒకటే: ఆలస్యమైంది.

మన ఇళ్లలో ఈ సంకేతాలను కప్పేసేవి కొన్ని ఉన్నాయి, చూసుకోండి. చేతులకు తొడిగే మిట్టెన్లు, చేతులు కదలకుండా గట్టిగా చుట్టిన గుడ్డ వేస్తే పిడికిలి నోటి దగ్గరికి రాదు. గోళ్లు గీరుకుంటాయని భయమైతే గోళ్లు తీయండి. లోతైన చీర ఉయ్యాలలో పడుకున్న బిడ్డ మొహం బయటికి కనపడదు, పైగా కాస్త కదలగానే ఎవరో ఒకరు ఊపేస్తారు. మొదటి మెట్టు అలా ఊయల ఊపులో పోతుంది. నోట్లో పీక పెట్టినా ఇదే సంగతి. పీక ఇవ్వాలనుకుంటే, పాలు తాగడం బాగా కుదిరాక, నాలుగు వారాలు దాటాక చూసుకోండి.

ఇంకోటి నూనె మర్దనా, వేడినీళ్ల స్నానం. స్నానమయ్యాక బిడ్డ ఒళ్లు తెలియకుండా నిద్రపోతుంది, ఒక్కోసారి పాలు తాగే రెండు వేళలు ఆ నిద్రలోనే దాటిపోతాయి. అందుకని స్నానం చేయించగానే, నిద్రలోకి జారకముందే పాలిచ్చేయండి. సాంబ్రాణి పొగ మానేయడం మంచిది, ఆ పొగ పసివాళ్ల ఊపిరితిత్తులకు పడదు.

4. ఆకలా? ఇంకేదైనానా?

చెంప మీద వేలు పెట్టి, బిడ్డ అటు తిరగగానే "చూడు, ఇంకా ఆకలిగానే ఉంది" అని తేల్చే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. ఆ పరీక్ష నమ్మొద్దు. చెంప తాకితే అటు తిరగడం పుట్టుకతో వచ్చే గుణం, కడుపు నిండిన బిడ్డ కూడా తిరగచ్చు. ఎవరూ తాకకుండా తనంతట తాను వెతుకుతోందా అన్నదే లెక్క. అలాగే రెండు మూడు నెలలు దాటాక చేయి నోట్లో పెట్టుకోవడం ఆటలో భాగం అవుతుంది. అప్పుడు ఆ ఒక్కటే చూసి ఆకలి అనుకోకుండా మిగతా సంకేతాలతో కలిపి చూడాలి.

అనుమానంగా ఉంటే ఈ వరుసలో చూడండి:

1. తాగి గంటన్నర దాటిందా? దాటితే ముందు రొమ్మే అందించండి.
2. ఇప్పుడే తాగిందా? లంగోటీ తడిసిందేమో చూడండి.
3. భుజాన వేసుకుని త్రేన్పు వస్తుందేమో చూడండి.
4. మెడ వెనక చేయి పెట్టి చూడండి. చెమట పడితే బట్టలు ఎక్కువయ్యాయి. మే నెలలో కూడా స్వెట్టరూ టోపీ వేసి ఉంచే ఇళ్లు ఉన్నాయి.
5. ఆవులింతలు, చూపు తిప్పేసుకోవడం, కళ్లు నలుపుకోవడం ఉంటే నిద్ర. లైటు తగ్గించండి, మనుషులను తగ్గించండి.
6. ఇవేవీ కాకపోతే గుండెకు హత్తుకుని కాసేపు నడవండి.
7. అప్పటికీ ఊరుకోకపోతే మళ్లీ రొమ్ము అందించండి. తల్లిపాలు తాగే బిడ్డకు అడగకపోయినా ఒకసారి అందిస్తే వచ్చే నష్టం ఏమీ లేదు. వద్దనుకుంటే తనే వదిలేస్తుంది.

గ్రైప్ వాటర్ ఈ వరుసలో లేదు. మర్చిపోయి వదిలేయలేదు, దాని అవసరం లేదు.

5. సంకేతం కనపడగానే: రొమ్ము పట్టించే వరుస

ఆకలి ఎంత త్వరగా గుర్తుపట్టినా, పట్టు సరిగా కుదరకపోతే బిడ్డ గంటసేపు నోట్లో పెట్టుకున్నా కడుపు నిండదు. పావుగంటకోసారి మళ్లీ అడుగుతుంది, తల్లికి చనుమొనలు పగులుతాయి. కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

1. చేతులు కడుక్కోండి. ప్రతిసారీ రొమ్ము సబ్బుతో కడగక్కర్లేదు, సబ్బుకు చర్మం ఎండి పగులుతుంది.
2. ముందు మీరు సరిగ్గా కూర్చోండి. వీపు ఆనాలి, భుజాలు వదులుగా ఉండాలి. బిడ్డను రొమ్ము దగ్గరికి తేవాలి గానీ మీరు బిడ్డ మీదికి వంగకూడదు.
3. బిడ్డ తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండాలి. ఒళ్లంతా మీ వైపు తిరిగి, పొట్ట మీ పొట్టకు ఆనాలి. తల ఒక్కటే పక్కకు తిప్పి తాగాల్సి వస్తే మింగడం కష్టం, కావాలంటే మీరు పక్కకు తల తిప్పి ఒక గుక్క నీళ్లు మింగి చూడండి.
4. తలను వెనక నుంచి నొక్కకండి. మెడ, భుజాల దగ్గర పట్టుకుంటే చాలు.
5. బిడ్డ ముక్కు మీ చనుమొనకు ఎదురుగా రానివ్వండి. చనుమొనతో పై పెదవిని మెల్లగా తాకించండి.
6. ఆవులింత అంత పెద్దగా నోరు తెరిచేదాకా ఆగండి. కొంచెం తెరిస్తే చాల్లే అనుకోవద్దు.
7. తెరవగానే బిడ్డను దగ్గరికి లాక్కోండి. ముందు గడ్డం రొమ్ముకు తాకాలి.

కుదిరిందో లేదో ఇలా చూసుకోండి:
- గడ్డం రొమ్ముకు ఆనుకుని ఉంది.
- కింది పెదవి బయటికి మడిచి ఉంది.
- చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం బిడ్డ పై పెదవి పైన ఎక్కువగా, కింది పెదవి కింద తక్కువగా కనపడుతోంది.
- బుగ్గలు నిండుగా ఉన్నాయి, సొట్టలు పడట్లేదు.
- మొదట గబగబా చీకి, పాలు చేపుకు రాగానే (అంటే ధారగా దిగడం మొదలవగానే) నెమ్మదిగా, లోతుగా తాగుతోంది. మధ్యమధ్య గుటక వినపడుతోంది.
- మొదటి కొన్ని క్షణాల తర్వాత మీకు నొప్పి లేదు.

నొప్పి అలాగే ఉంటే ఓర్చుకోవద్దు. బిడ్డ నోటి మూలలో నుంచి మీ శుభ్రమైన చిటికెన వేలు చిగుళ్ల మధ్యకు పోనిచ్చి పట్టు వదిలించి, మళ్లీ మొదటి నుంచి పట్టించండి. ఊరికే లాగేస్తే చనుమొన చిట్లుతుంది. "మొదట్లో అందరికీ నొప్పే, అదే సర్దుకుంటుంది" అనే మాట బాలింతలకు చేసినంత చెడు మరే సలహా చేయలేదని నా అభిప్రాయం. నొప్పి ఉందంటే పట్టు సరిచేయాలి.

6. ఏడుపు దాకా వచ్చేస్తే

గుక్కపెట్టి ఏడుస్తున్న బిడ్డ నాలుక పైకి లేచి ఉంటుంది. ఆ సమయంలో రొమ్ము నోట్లో కుక్కితే పట్టుకోదు, ఇద్దరికీ టెన్షన్ పెరగడం తప్ప. ముందు ఊరడించాలి.

- బిడ్డ బట్టలు విప్పి, మీ గుండెకు ఒంటికి ఒళ్లు తగిలేలా నిలువుగా పట్టుకోండి.
- మెల్లగా ఊగండి, "ష్... ష్..." అనండి, వీపు నిమరండి. లేదా తల్లి కాకుండా ఇంకెవరైనా కాసేపు ఎత్తుకుని తిప్పండి. ఒక్కోసారి పాలవాసన తగలని భుజం మీద త్వరగా ఊరుకుంటుంది.
- చేత్తో పిండి రెండు మూడు చుక్కలు పెదవుల మీద పడనివ్వండి.
- ఏడుపు సణుగుడులోకి దిగగానే రొమ్ము అందించండి.

అదే గదిలో ముగ్గురు నలుగురు సలహాలు చెబుతుంటే పాలు చేపుకు రావడం కూడా ఆలస్యమవుతుంది. అమ్మనో అత్తయ్యనో ఒక్కరిని ఉంచుకుని మిగతావాళ్లను బయటికి పంపండి.

7. కడుపు నిండిందని ఎలా తెలుస్తుంది? రెండో వైపు ఎప్పుడు?

ఒక వైపు బిడ్డ తనంతట తాను వదిలేదాకా తాగనివ్వండి. "ఇటు పది నిమిషాలు, అటు పది నిమిషాలు" అనే లెక్క వద్దు. ఒకే రొమ్ములో కూడా ఖాళీ అయ్యేకొద్దీ పాలలో కొవ్వు పెరుగుతుంది. మధ్యలో మార్చేస్తే పల్చటి పాలతోనే పొట్ట నిండి, త్వరగా మళ్లీ ఆకలేస్తుంది.

వదిలాక త్రేన్పు తెప్పించి రెండో వైపు అందించండి. తాగితే తాగుతుంది, లేకపోతే లేదు. తర్వాతిసారి ఆ రెండో వైపు నుంచి మొదలుపెట్టండి. ఏ వైపో గుర్తుండకపోతే జాకెట్ కి ఆ పక్క పిన్నీసు పెట్టుకునే పాత పద్ధతి బాగానే పనిచేస్తుంది.

నిండిన బిడ్డ ఎలా ఉంటుందంటే: బిగిసిన పిడికిళ్లు విడిపోతాయి, చేతులు వేలాడతాయి, రొమ్ము తనే వదిలేస్తుంది, మొహం పక్కకు తిప్పుకుంటుంది. చాలాసార్లు అక్కడే నిద్రపోతుంది. త్రేన్పు కోసం నిద్రపోయిన బిడ్డను అరగంట తట్టక్కర్లేదు. కొన్ని నిమిషాలు నిలువుగా పట్టుకుని, రాకపోతే వెల్లకిలా పడుకోబెట్టేయండి.

తాగగానే కాస్త పెరుగులా కక్కడం మామూలే.

8. రోజుకు ఎన్నిసార్లు? గడియారం ఎప్పుడు చూడాలి?

మొదటి వారాల్లో 24 గంటల్లో ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. సమానమైన వ్యవధుల్లో కాదు. పొద్దున మూడు గంటలు నిద్రపోయిన బిడ్డ సాయంత్రం ఆరు నుంచి పది దాకా అరగంటకోసారి అడగచ్చు. ఇది చాలామంది పిల్లలు చేసే పనే. సాయంత్రం ఏడుపు కూడా వారాలు గడిచేకొద్దీ పెరిగి, సుమారు ఆరు వారాల వయసులో ఎక్కువగా ఉండి, ఆ తర్వాత తగ్గుతుంది.

రెండు మూడు వారాలప్పుడు, ఆరు వారాలప్పుడు, మూడో నెలలో ఉన్నట్టుండి రెండు మూడు రోజులు ఎక్కువగా అడుగుతారు. రొమ్ములు మెత్తగా ఖాళీగా అనిపిస్తాయి. "పాలు తగ్గిపోయాయి" అని పాలడబ్బా కొనుక్కొచ్చేది సరిగ్గా అప్పుడే. ఆ రోజుల్లో చేయాల్సింది అడిగినన్నిసార్లు ఇవ్వడమే. ఎంత ఖాళీ అయితే అంత ఊరుతాయి. డబ్బా పాలు పట్టిన ప్రతిసారీ, ఆ మేరకు పాలు అక్కర్లేదని ఒంటికి కబురు వెళ్లినట్టే.

రాత్రి పాలు మానిపించే ప్రయత్నం మొదటి నెలల్లో చేయొద్దు. పాలు ఊరించే ప్రొలాక్టిన్ హార్మోన్ రాత్రిళ్లు ఎక్కువగా ఉంటుంది. లైటు చిన్నది వేసుకోండి, మాటలు వద్దు, తడి తప్ప లంగోటీ మార్పిడి వద్దు. పడుకుని ఇస్తే నడుముకు సుఖం, ముఖ్యంగా ఆపరేషన్ అయినవాళ్లకు. కానీ సోఫాలో, వాలుకుర్చీలో పాలిస్తూ నిద్రపోవడం ప్రమాదం. బిడ్డ సందులో ఇరుక్కుపోయి ఊపిరాడకపోవచ్చు. నిద్ర ముంచుకొస్తుంటే అక్కడి నుంచి లేచిపోండి.

గడియారం చూడాల్సింది నిద్రమత్తు బిడ్డల విషయంలో. పుట్టినప్పటి బరువుకు తిరిగి చేరేదాకా, అంటే సాధారణంగా రెండు వారాల దాకా, మూడు గంటలు దాటితే లేపి మరీ ఇవ్వాలి. కామెర్లున్న బిడ్డ అడగదు. "బుద్ధిగా నిద్రపోతోంది" అని మురిసిపోయే లోపల పాలు తగ్గి కామెర్లు ఇంకా పెరుగుతాయి.

లేపే పద్ధతి:
- చుట్టిన గుడ్డ విప్పండి, లంగోటీ మార్చండి.
- అరికాళ్లు, వీపు మెల్లగా రుద్దండి. మొహం మీద నీళ్లు చల్లొద్దు.
- నిలువుగా కూర్చోబెట్టినట్టు పట్టుకుని మాట్లాడండి.
- తాగుతూ తాగుతూ ఆగిపోతే రొమ్మును మెల్లగా నొక్కి పాలు నోట్లోకి పడేలా చేయండి. మళ్లీ మింగడం మొదలుపెడుతుంది.

9. చాలుతున్నాయా? లెక్క చూసుకోవడం

ఏడుపు బట్టి, రొమ్ము బిగువు బట్టి, పంపుతో తీస్తే ఎన్ని వచ్చాయన్నదాన్ని బట్టి తేల్చొద్దు. బిడ్డ లాగినంత బాగా పంపు లాగదు. చూడాల్సినవి లంగోటీ, తక్కెడ.

- ఉచ్చ: మొదటి రోజు కనీసం ఒకసారి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు. ఐదో రోజు నుంచి రోజుకు ఆరు లేదా అంతకన్నా ఎక్కువ, లేత రంగులో.
- విరేచనం: మొదట నల్లగా జిగటగా, మూడో రోజుకు ఆకుపచ్చగా, ఐదో రోజుకు పసుపుపచ్చగా పల్చగా. మొదటి వారాల్లో రోజుకు మూడు నాలుగు సార్లు.
- ఆరు వారాల తర్వాత తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ కొన్ని రోజుల పాటు విరేచనం చేయకపోయినా, చేసినప్పుడు అది మెత్తగా ఉండి, బిడ్డ హుషారుగా ఉంటే కంగారు లేదు.
- బరువు: మొదటి రోజుల్లో కొంత తగ్గడం సహజం. పుట్టిన బరువులో పదో వంతు దాకా తగ్గితే మాత్రం డాక్టర్ చూడాలి. రెండు వారాలకు పుట్టిన బరువుకు రావాలి. ఆ తర్వాత మూడు నెలల దాకా రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి.

డైపర్ వాడేవాళ్లకు తడి తెలియదు. పొడి డైపర్ మీద మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు పోసి చేత్తో బరువు చూడండి, "ఒకసారి" అంటే సుమారు అంత. మొదటి రెండు వారాలు లంగోటీలు కడితే ఈ తిప్పలే ఉండవు. మొదటి రోజుల్లో ఇటుకరంగు మరకలు కనపడచ్చు. ఐదో రోజు తర్వాత కూడా కనపడితే పాలు చాలట్లేదేమో అని అనుమానించి బరువు తూయించండి.

ఆసుపత్రిలో కాన్పయినా ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి: 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. రాకపోతే కబురు పెట్టండి. బరువు తూయడం ఆమె పనిలో భాగమే.

10. తరచుగా జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

ఎండాకాలం కదా అని నీళ్లు పట్టడం. ఆరు నెలల దాకా చుక్క నీళ్లు కూడా అక్కర్లేదు. తల్లిపాలలో ఎనభై శాతానికి పైగా నీరే. దాహమేస్తే ఇంకోసారి అడుగుతుంది, ఇవ్వండి. నీళ్లు తాగాల్సింది తల్లి. బాలింతకు నీళ్లు తగ్గించే పథ్యం వల్ల ఉపయోగం లేదు, దాహం వేసినప్పుడల్లా తాగాలి.

పాలు పెరగడానికి తిండి మీదే ఆధారపడటం. వెల్లుల్లి కారం, బొబ్బర్లు, సొరపుట్టు ఇష్టమైతే తినండి. కడుపునిండా భోజనం ఎలాగూ కావాలి. కానీ బిడ్డ చీకకుండా ఏం తిన్నా పాలు పెరగవు.

మూడో నాలుగో రోజు రొమ్ములు రాయిలా గట్టిపడి బిడ్డ పట్టుకోలేకపోవడం. ముందు గోరువెచ్చటి తడిగుడ్డ కాసేపు వేసి, చేత్తో కొద్దిగా పిండి నల్లటి భాగం మెత్తబడ్డాక పట్టించండి. తాగాక చల్లటి గుడ్డ వేయండి. గడ్డకట్టి ఎర్రబడి జ్వరం వస్తే డాక్టర్‌కు చూపించాలి; అప్పుడు కూడా ఆ వైపు పాలివ్వడం ఆపకూడదు.

చనుమొన పగిలిందని మానేయడం. తక్కువ నొప్పి ఉన్న వైపు ముందు ఇవ్వండి, పట్టు సరిచేయండి, తాగాక మీ పాలే ఒక చుక్క రాసి ఆరనివ్వండి.

పడుకోబోయే ముందు ఒక్క బాటిల్ డబ్బా పాలు "నిండుగా నిద్రపోతుందని" పట్టడం. ఒక్కటే కదా అనుకున్నది వారంలో మూడు అవుతాయి. ఇప్పటికే మొదలుపెట్టినవాళ్లు ఒక్కసారిగా ఆపేయకుండా, బరువు చూసుకుంటూ, డాక్టర్ సలహాతో తగ్గించుకుంటూ రొమ్ము ఎక్కువసార్లు ఇవ్వాలి.

11. ఉగ్గుగిన్నెతోనో బాటిల్‌తోనో పట్టాల్సి వస్తే

కొంతమందికి డబ్బా పాలు తప్పవు. అది తప్పు చేసినట్టు కాదు. సంకేతాలు చూసి పట్టడం వాళ్లకూ వర్తిస్తుంది, నిజానికి వాళ్లకే ఎక్కువ అవసరం. బాటిల్ పాలు బిడ్డ అడిగినా అడగకపోయినా కారుతూనే ఉంటాయి.

- బిడ్డను నిలువుగా ఒళ్లో కూర్చోబెట్టినట్టు పట్టుకోండి. పడుకోబెట్టి పట్టొద్దు. దిండుకు ఆనించి బాటిల్ వదిలేయడం అసలే వద్దు.
- బాటిల్ అడ్డంగా పట్టండి, మధ్యలో ఆపుతూ ఉండండి.
- మొహం తిప్పుకున్నా, వేళ్లు విడిపోయినా అక్కడితో ఆపేయండి. "ఇంకొక్క ఔన్సే కదా" అని ముగించాలని చూడొద్దు. నోరు పెట్టాక గంటలోపు తాగని డబ్బా పాలు పారబోయాలి.
- డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. ఎక్కువ రోజులు రావాలని పల్చగా కలిపితే పోషణ చాలక బిడ్డ చిక్కిపోతుంది.
- పిండిన తల్లిపాలకు ఉగ్గుగిన్నె గానీ చిన్న గిన్నె గానీ మేలు, కడగడం తేలిక. నోట్లో పోయకండి, పెదవికి ఆనిస్తే బిడ్డే నాలుకతో అందుకుంటుంది.

పిండిన పాలు గది చల్లగా ఉంటే, అంటే 25 డిగ్రీల లోపు, నాలుగు గంటలు ఉంటాయి. మన వేసవిలో ఆ లెక్క నడవదు, వెంటనే ఫ్రిజ్‌లో లోపలి వైపు పెట్టండి, తలుపు అరలో కాదు. నాలుగు రోజుల్లోపు వాడేయాలి. వాడేటప్పుడు గిన్నెను వేడినీళ్లలో ఉంచి వెచ్చబరచండి. పొయ్యి మీద కాచొద్దు, మైక్రోవేవ్ వద్దు.

ఉద్యోగానికి వెళ్లే తల్లులు చట్టాన్ని గుర్తుపెట్టుకోండి. ప్రసూతి సెలవు నిబంధనల ప్రకారం అర్హులైన ఉద్యోగినులకు మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో సెలవు, తిరిగి చేరాక బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చేందుకు విరామం ఉంటాయి. 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న సంస్థలో శిశుసంరక్షణ గది ఉండాలి. పని దగ్గర బిడ్డ తాగే వేళలకు దగ్గరగా పాలు పిండుకుంటే ఊరడం తగ్గదు. ఇంటికి రాగానే, రాత్రంతా మళ్లీ అడిగినప్పుడల్లా ఇవ్వచ్చు.

ఆరు నెలలు నిండాక మెత్తటి ఆహారం మొదలుపెట్టినా ఇదే పద్ధతి కొనసాగుతుంది. చెంచా వైపు నోరు తెరిచి ముందుకు వంగితే కావాలని, పెదవులు బిగించి తల తిప్పితే చాలని. చందమామను చూపించి దొంగచాటుగా ఇంకో ముద్ద పెట్టొద్దు. తల్లిపాలు రెండేళ్లు, ఆ పైన కూడా ఇవ్వచ్చు.

12. ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

- ఇంతవరకు తాగిన బిడ్డ తాగడం మానేసింది, లేదా లేపినా లేవట్లేదు.
- ఒళ్లు కాలిపోతోంది, లేదా అరికాళ్లతో సహా చల్లబడిపోయింది.
- కదలకుండా ఉన్నప్పుడు నిమిషానికి 60 సార్లు, అంతకన్నా ఎక్కువ ఊపిరి తీస్తోంది, డొక్కలు ఎగరేస్తోంది.
- అరచేతులు, అరికాళ్లు పచ్చబడ్డాయి. పుట్టిన 24 గంటల్లోపు ఎక్కడ పచ్చబడ్డా సరే.
- ఎనిమిది గంటలుగా ఉచ్చ లేదు, నోరు ఎండింది, మాడు లోపలికి గుంట పడింది.
- ఆకుపచ్చగా వాంతులు, విరేచనంలో రక్తం, ఫిట్స్.

ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా 108కి ఫోన్ చేయండి. దారిలో బిడ్డను తల్లి గుండెకు ఆనించి వెచ్చగా ఉంచండి, మింగగలుగుతుంటే పాలిస్తూ ఉండండి. నోటుబుక్ వెంట తీసుకెళ్లండి. ఆఖరిసారి ఎప్పుడు తాగింది, ఎన్నిసార్లు ఉచ్చపోసింది అన్నవే డాక్టర్ మొదట అడుగుతారు.